క్రియాటినిన్ 1.4: ఉద్దానం సబ్‌సెంటర్‌లో నర్సు ఏం తేల్చాలి, ఎంతవరకు తేల్చాలి

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే ప్రాంతం ఉద్దానం. అక్కడి కవిటి మండలంలో ఒక ఊరి సబ్‌సెంటర్ అనుకుందాం. ఉదయం పదకొండైంది. 55 ఏళ్ల ఆవిడ ఒకరు వచ్చారు. జీడి పరిశ్రమలో పప్పుకు పొట్టు తీసే పని. పొద్దస్తమానం కూర్చుని చేసేదే. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ కాగితం ఉంది. "మోకాళ్లు సలుపుతున్నాయమ్మా. ఓ నొప్పి గోలీ ఇచ్చీ, బేగి ఎల్లిపోవాలి" అంటోంది. కాగితంలో కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ 1.4 అని ఉంది. పక్కన తేడా ఉందని చెప్పే స్టార్ గుర్తు లేదు. కొన్ని ల్యాబులు 1.4 దాకా మామూలే అని అచ్చేస్తాయి. సబ్‌సెంటర్‌లో డాక్టరు ఉండరు. బయట బెంచీ మీద ఇంకా పదిహేను మంది కూర్చుని ఉన్నారు.

ఆవిడ అడిగింది ఒక్క మాత్ర. ఇవ్వడమా, మానడమా? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే నర్సుకు చట్టం ఇచ్చిన అధికారం, కిడ్నీ ఎలా చెడుతుందన్న శాస్త్రం, రోగికి నిజం చెప్పే పద్ధతి, కూలి డబ్బుల లెక్క అన్నీ బయటికొస్తాయి. ఈ వ్యాసంలో కనిపించే రోగులు ఉదాహరణ కోసం ఊహించినవాళ్లే. వాళ్ల చిక్కులు మాత్రం ఉద్దానంలో అందరికీ తెలిసినవే.

సిస్టరా, డాక్టరమ్మా? పేర్ల దగ్గరే మొదలయ్యే గందరగోళం

ఊళ్లో తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఎవరైనా 'మేడమే'. కాగితాల మీద మాత్రం తేడాలున్నాయి. ఏఎన్ఎం పని ముఖ్యంగా గర్భిణులు, పసిపిల్లలు, టీకాలు. ఆసుపత్రి వార్డులో డాక్టరు రాసిన వైద్యాన్ని అమలుచేసేది స్టాఫ్ నర్సు. సబ్‌సెంటర్‌లో కూర్చుని ఓపీ చూసే బీఎస్సీ నర్సు మూడో రకం. మన రాష్ట్రంలో ఆమెను ఎంఎల్‌హెచ్‌పీ అంటారు, అంటే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్. కేంద్రం వాడే పేరు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, పొట్టిగా సీహెచ్‌ఓ. మైదానంలో సుమారు 5,000 మందికి, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలన్నది ప్రమాణం.

'అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్స్' అనే మాట వేరే దారిలో వచ్చింది. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి తొలి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. రోగిని స్వయంగా పరీక్షించి, జబ్బేమిటో తేల్చి, మందు రాయగల నర్సును తయారుచేయడం ఆ శిక్షణ ఉద్దేశం. ఇప్పుడు అక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో ఇలాంటి నర్సులు డాక్టరు పర్యవేక్షణ లేకుండానే వైద్యం చేయవచ్చు. అంతర్జాతీయ నర్సుల మండలి 2020 మార్గదర్శకాల ప్రకారం ఈ స్థాయికి కనీసం మాస్టర్స్ డిగ్రీ కావాలి. మన దేశంలో ఆ దారి ఇంకా సన్నగానే ఉంది. క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు ఉంది. ప్రసవాల కోసం 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను 2018లో ప్రకటించారు.

కాబట్టి మన ఎంఎల్‌హెచ్‌పీని ఆ నిర్వచనం ప్రకారం అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సు అనలేం. చదువు అంత లేదు, అధికారమూ లేదు. కానీ బెంచీ మీద కూర్చున్న పదిహేను మందికి ఆ తేడా తెలియదు. వాళ్లకు ఆమే మొదటి పరీక్షకురాలు. చాలాసార్లు ఆఖరి పరీక్షకురాలు కూడా. అధికారం తక్కువ, పర్యవసానం ఎక్కువ. చిక్కంతా ఈ ఇరుకులోనే ఉంది.

అంకె ఒకటే, అర్థాలు మూడు

మళ్లీ ఆ 1.4 దగ్గరికి వద్దాం. క్రియాటినిన్ అంటే కండరాలు పనిచేసేటప్పుడు పుట్టే వ్యర్థం. కిడ్నీ దాన్ని వడకట్టి మూత్రంలోకి పంపుతుంది. వడపోత మందగిస్తే రక్తంలో పేరుకుంటుంది. అయితే కండ ఎక్కువున్న కుర్రాడి ఒంట్లో అది మామూలుగానే ఎక్కువ తయారవుతుంది, బక్కపలచని ఆడమనిషిలో తక్కువ. అందుకే అంకెను ఒంటరిగా చూడకూడదు. వయసు, ఆడా మగా అన్నది కలిపి కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందో అంచనా వేస్తారు. దాన్నే ఈజీఎఫ్ఆర్ అంటారు.

2021లో సవరించిన సూత్రంతో లెక్క వేస్తే ఇలా వస్తుంది. 25 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 1.4 ఉంటే ఈజీఎఫ్ఆర్ దాదాపు 71. 45 ఏళ్ల మగవాడికి అదే 1.4 ఉంటే దాదాపు 63. మన 55 ఏళ్ల ఆవిడకు అదే 1.4తో వచ్చేది 44. 60కి తగ్గి, ఆ తగ్గుదల మూడు నెలలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 44 అంటే మూడో దశ, అందులోనూ రెండో సగం. కాగితంలో స్టార్ పడకపోయినా ఆవిడ కిడ్నీలు సగానికి పైగా శక్తి కోల్పోయి ఉండవచ్చు.

'ఉండవచ్చు' అన్న మాటే ఇక్కడ ముఖ్యం. ముందురోజు ఎండలో పనిచేసి నీళ్లు సరిగా తాగకపోయినా, విరేచనాలయినా, మాంసం బాగా తిని మర్నాడే రక్తం ఇచ్చినా అంకె తాత్కాలికంగా పెరగవచ్చు. అందుకే మూడు నెలల గడువు. ఒక్క పరీక్షతో "మీకు కిడ్నీ జబ్బు" అని ముద్ర వేయడం ఒక తప్పు. ఒక్క పరీక్షలో స్టార్ లేదని "ఏం పర్లేదు" అనడం ఇంకో తప్పు. మొదటి తప్పు ఆ పూటే ఊరంతా తెలుస్తుంది. రెండోది ఎవరికీ తెలియదు, కాబట్టే ఎక్కువగా జరుగుతుంది.

ఉద్దానం విషయంలో ఇంకో మెలిక ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కనిపించే జబ్బు చాలామందిలో షుగరు లేకుండా, బీపీ పెద్దగా పెరగకుండా వస్తుంది. మూత్రంలో ప్రొటీన్ కూడా తక్కువే పోతుంది. సబ్‌సెంటర్‌లో చేతికందే సాధనాలేమో బీపీ మిషను, షుగరు స్ట్రిప్పు, మూత్రంలో ముంచే స్ట్రిప్పు. ఈ మూడూ 'బాగుంది' అన్నా కిడ్నీ చెడి ఉండవచ్చు. భూగర్భ జలంలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండదెబ్బ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి గానీ, అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఇచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. అవన్నీ ఉన్నా, ఎవరిని అక్కడికి పంపాలో మొదట గుర్తించాల్సింది ఊళ్లో కూర్చున్న ఈ నర్సే.

"మందులేమైనా వాడుతున్నారా?" అనే పనికిరాని ప్రశ్న

నర్సింగ్ పాఠాల్లో రోగి చెప్పింది, మనం చూసింది, మనకు అర్థమైంది, చేయబోయేది అని నాలుగు వరుసల్లో రాసుకోమంటారు. నీతి గురించి వేరే అధ్యాయం ఉంటుంది. అసలు తప్పు ఈ విడదీతలోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఏం అడిగారు, ఎవరి ముందు అడిగారు అన్నచోటే సగం నైతిక నిర్ణయం జరిగిపోతుంది.

"మందులేమైనా వాడుతున్నారా?" అంటే ఆవిడ "లేదమ్మా" అంటుంది. అబద్ధం కాదు. ఆమె లెక్కలో మందంటే బీపీ మందు, షుగరు మందు. నొప్పి గోలీ మందు కాదు, కిళ్లీ కొట్లో కూడా దొరికేది. అదే ప్రశ్నను "ఒళ్లు నొప్పులొస్తే ఏటి ఏసుకుంటారు? వారంలో ఎన్ని రోజులు? సూది వేయించుకున్నారా? పసరు మందు తాగారా?" అని అడిగితే కథ మొత్తం బయటికొస్తుంది. మా బంధువుల్లో ఒక పెద్దామె ఆరేళ్లపాటు రోజుకు రెండేసి నొప్పి మాత్రలు మింగింది. ఆ ఆరేళ్లలో ఆమె తిరిగిన ప్రతిచోటా "మందులు వాడుతున్నారా" అని అడిగారు. ప్రతిచోటా ఆమె లేదనే చెప్పింది.

చుట్ట సంగతీ అంతే. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఉంది. అంగిలి మీద మచ్చలు, పుండ్లు, కొందరిలో క్యాన్సర్ దానివల్ల వస్తాయి. మోకాళ్ల నొప్పికి వచ్చినావిడ నోరు తెరిపించి చూడాలని ఏ రూలూ చెప్పదు. కానీ ఆమె మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు అర నిమిషం టార్చి వేసి అంగిలి చూడాలా వద్దా అన్నది కూడా నిర్ణయమే. బయట పదిహేను మంది ఉన్నారన్నదీ నిజమే.

మెళియాపుట్టి, మందస కొండవాలు గూడేల నుంచి వచ్చే సవర మహిళల విషయంలో చిక్కు ఇంకోలా ఉంటుంది. తెలుగు కొద్దిగా వస్తుంది, మిగతాది పక్కనున్న భర్త చెబుతాడు. కడుపునొప్పి, నెలసరి, దెబ్బలు వీటి గురించిన ప్రశ్నలు ఆయన నోటి గుండా వెళ్లి, జవాబులు ఆయన నోటి గుండానే వస్తాయి. భర్తను కాసేపు బయట కూర్చోమనడం మొరటుగా కనిపించవచ్చు. అలా అనకపోతే నర్సు విన్నది ఆమె మాట కాకపోవచ్చు. ఆ ఊరి సవర ఆశా కార్యకర్త ఉంటే కొంత మేలు. ఆమె మళ్లీ చుట్టమైతే అదో చిక్కు.

ఒక్క మాత్ర: మేలు చేయాలా, కీడు చేయకుండా ఉంటే చాలా?

వైద్యనీతి గురించి చదివేవాళ్లకు నాలుగు సూత్రాలు చెబుతారు. రోగి ఇష్టాన్ని గౌరవించడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, అందరికీ న్యాయంగా పంచడం. 1970ల చివర అమెరికాలో స్థిరపడిన ఈ చట్రం ఇప్పుడు అన్నిచోట్లా వాడుకలో ఉంది. కాగితం మీద నాలుగూ ఒద్దికగా ఉంటాయి. మోకాలి నొప్పి దగ్గర ఒకదాన్నొకటి కరుచుకుంటాయి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు నొప్పిని తగ్గించే మార్గంలోనే కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాన్ని తెరిచి ఉంచే రసాయనాలనూ తగ్గించేస్తాయి. నీళ్లు బాగా తాగి, కిడ్నీ బాగున్న మనిషికి అప్పుడప్పుడు ఒకటి పెద్ద ఇబ్బంది కాదు. ఒళ్లు ఎండిపోయి, వడపోత 44కి పడిపోయిన మనిషికి అది దెబ్బ మీద దెబ్బ. కొన్ని రకాల బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు కూడా తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. కీడు చేయకూడదంటే ఇవ్వకూడదు.

ఇవ్వకపోతే? ఆవిడ పని మానలేదు. మానితే ఆ రోజు కూలి పోతుంది. సబ్‌సెంటర్‌లో లేదన్న మాత్ర రోడ్డు మీద కొట్లో దొరుకుతుంది, లేదా ఆర్‌ఎంపీ దగ్గర అదే మందు సూదిగా దొరుకుతుంది. అంటే నర్సు చేతికి మచ్చ అంటదు గానీ కిడ్నీకి దెబ్బ తగలడం ఆగదు. 'ఇవ్వను' అన్న మాటతో నర్సు బాధ్యత తీరిందా అన్నది దగ్గరే అభిప్రాయాలు చీలుతాయి. తెలిసి తెలిసి హాని చేసే మందు ఎవరి చేతి మీదుగా వెళ్లకూడదన్నది ఒక వాదం. పర్యవసానం చూడాలి గానీ చేతులు కడుక్కుంటే చాలదన్నది రెండో వాదం.

రెండింటికీ మధ్య కొంత చోటుంది. పారాసిటమాల్ కిడ్నీకి అంత హాని చేయదు, మోతాదు మించకపోతే. పైపూతగా రాసే జెల్ రక్తంలోకి తక్కువే వెళ్తుంది. కింద కాకుండా పీట మీద కూర్చుని పని చేయడం, తొడ కండరాలకు చిన్న వ్యాయామాలు కొంత ఊరటనిస్తాయి. ఇవేవీ నొప్పి గోలీ అంత వేగంగా పనిచేయవు, ఆ మాట దాచకుండా చెప్పాల్సిందే. దాస్తే మర్నాడే ఆవిడ ఆర్‌ఎంపీ గుమ్మం ఎక్కుతుంది, "ఆ సిస్టరమ్మ మందుకు పవరు లేదు" అనుకుంటూ.

"అమ్మకు చెప్పకండి మేడం"

ఇంకో ఉదాహరణ. ఒక పెద్దావిడకు మూడు నెలల తర్వాత రెండో పరీక్షలోనూ వడపోత తక్కువే వచ్చింది. చెన్నైలో పనిచేసే కొడుకు ఫోన్ చేశాడు. "ఏదున్నా నాకు చెప్పండి మేడం. అమ్మ టెన్షన్ పడిపోద్ది. మా నాన్న ఇలాగే పోయాడు."

ఆ మాటలో భయమే కాదు, ప్రేమా ఉంది. మన దగ్గర జబ్బు ఒక మనిషిది కాదు, ఇంటిది. ఖర్చు పెట్టేదీ, ఆసుపత్రికి తిప్పేదీ ఇంట్లోవాళ్లే. మనిషి ఇష్టమే సర్వం అనే ఆలోచన ఇక్కడి బతుక్కు అతకదని చాలామంది డాక్టర్లే అంటారు. డయాలసిస్ గొట్టాలు తగిలించుకున్న మనుషుల్ని వాడంతా చూసిన ఊళ్లో 'కిడ్నీ' అన్న మాటే సగం ప్రాణం తీస్తుందన్నదీ కాదనలేం.

కానీ కిడ్నీ జబ్బుకు ఒక ప్రత్యేకత ఉంది. మూడో దశలో రోగి చేయగలిగింది చాలా ఉంటుంది. నొప్పి గోలీ మానాలి, సూది వద్దనాలి, వేరే ఆసుపత్రికి వెళ్లినప్పుడు తన క్రియాటినిన్ సంగతి ముందే చెప్పాలి. సంగతి తెలియని మనిషి ఇందులో ఒక్కటీ చేయలేదు. కొడుకు చెన్నైలో ఉన్నాడు, ఆర్‌ఎంపీ పక్క వీధిలో ఉన్నాడు. అందుకే ఇక్కడ చెప్పాలనేవాళ్ల వాదనే నాకు బరువుగా తోస్తుంది.

చిక్కు విప్పే దారి ఒకటి మొదటి పరీక్షకు రక్తం తీసుకునే రోజే ఉంది. "రిపోర్టు వచ్చాక మీకే చెప్పనా? ఇంట్లో ఎవరినైనా కూడా పిలవనా?" అని ముందే అడగడం. "నాకేటి తెలుసమ్మా, మా వోడికి చెప్పు" అని ఆవిడే అంటే అది ఆమె నిర్ణయం. అడగకుండా కొడుకే తీసుకుంటే అది ఆమె నిర్ణయం కాదు. జవాబు రెండుసార్లూ ఒకేలా కనిపించినా తేడా అక్కడుంది.

సంబంధాల వేళ మౌనం కూడా జవాబే

ఉద్దానంలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఆ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందా అని వాకబు చేస్తారు. 27 ఏళ్ల అబ్బాయికి పరీక్షలో తేడా వచ్చిందనుకుందాం. అమ్మాయి మేనమామ సబ్‌సెంటర్‌కు వచ్చి, "మీరు చెడ్డ మాట ఏం చెప్పక్కర్లేదమ్మా, బాగున్నాడంటే చాలు" అంటాడు. నర్సు అందరి గురించీ "బాగున్నాడు" అనే అలవాటున్న మనిషైతే, ఈ ఒక్కడి దగ్గర నోరు మూసుకుంటే రహస్యం బయటపడినట్టే. ఎవరి గురించి అడిగినా "ఇక్కడికొచ్చినోళ్ల సంగతి నేను చెప్పను బాబూ" అనే మనిషికే ఆ మౌనం పనికొస్తుంది.

అమ్మాయి భవిష్యత్తు మాటేమిటి? 1998లో ఒక హెచ్‌ఐవీ కేసులో సుప్రీంకోర్టు, కాబోయే భార్యకు జబ్బు సోకే ముప్పు ఉన్నప్పుడు రోగి గోప్యత హక్కు సంపూర్ణం కాదంది. కిడ్నీ జబ్బు అంటుకునేది కాదు, కాబట్టి ఆ తర్కం ఇక్కడిదాకా సాగదు. అబ్బాయి తనే చెప్పేలా అతనితో మాట్లాడటం వరకే నర్సుకు దారి. అది చాలదని అమ్మాయి తరఫువాళ్లు అంటే, వాళ్ల కోపం అర్థంలేనిదనీ అనలేం.

అంకెకు పింఛను తోడైతే

డయాలసిస్ మీద ఉన్నవారికి రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. డయాలసిస్ దాకా రానివాళ్ల అర్హత తేల్చడంలో క్రియాటినిన్ ఒక కొలమానం. గీత 5 దగ్గర ఉందనీ, ఒకాయనకు 4.7 వచ్చిందనీ అనుకుందాం. "ఆ కాస్త రాసీమ్మా" అంటాడు. ఆ 0.3 వల్ల ఆయన బాధలో తేడా ఏమీ లేదు, ఇంట్లో మాత్రం చాలా తేడా. జాలిపడి రాస్తే ఆ అంకె చూసి తర్వాత డాక్టరు మందు మోతాదు మారుస్తారు, ఆరు నెలల తర్వాత నిజమైన అంకె వస్తే జబ్బు తగ్గిందనుకుంటారు. పైగా గీత పక్కనే 4.8తో నోరెత్తకుండా నిలబడ్డ ఇంకొకాయన ఉంటాడు. గీత ఎక్కడ గీయాలన్నది సర్కారు నిర్ణయం, దాన్ని ప్రశ్నించవచ్చు. ల్యాబు అంకెను దిద్దడం మాత్రం ఆ ప్రశ్నకు జవాబు కాదు.

తప్పు జరిగితే ఎవరిది?

2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులు మాత్రమే సొంతంగా రాయవచ్చు, మిగతా చోట్ల డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. ఇది ఇంకా బిల్లుగా ఉన్నప్పుడే, దానికి నిరసనగా డాక్టర్ల సంఘమైన ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 2019 జూలై 31న దేశవ్యాప్తంగా 24 గంటలు అత్యవసరం కాని సేవలు ఆపింది. కొద్ది శిక్షణతో మందు రాయనిస్తే దొంగవైద్యానికి లైసెన్సు ఇచ్చినట్టేననీ, పల్లెవాళ్లకు రెండో రకం వైద్యం అంటగట్టినట్టేననీ వాళ్ల వాదన. ఆ రెండో మాటను తేలిగ్గా తీసేయలేం. ఎదుటివాళ్లు అడిగేది, ఆ పల్లెకు మొదటి రకం వైద్యం ఎప్పుడొచ్చిందని. ఈలోగా అక్కడ సూదులు వేస్తున్నది ఎవరని.

ప్రస్తుతానికి అమల్లో ఉన్న పద్ధతి మధ్యేమార్గం. డాక్టరు మొదలుపెట్టిన బీపీ, షుగరు మందులు నర్సు కొనసాగించవచ్చు. కొత్త జబ్బు అనుమానిస్తే పీహెచ్‌సీకి పంపాలి, లేదా 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడించాలి. మందు రాసేది, బాధ్యత వహించేది డాక్టరు. కానీ ఫోన్ తెరలో ఉన్న డాక్టరుకు కనిపించేది నర్సు చెప్పింది మాత్రమే. "55 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, క్రియాటినిన్ నార్మల్" అని చెబితే ఒక చీటీ వస్తుంది. "క్రియాటినిన్ 1.4, లెక్కేస్తే 44, రోజూ నొప్పి మాత్ర వేసుకుంటోంది" అని చెబితే వేరే చీటీ వస్తుంది. సంతకం రెండింటి మీదా డాక్టరుదే.

మొదట చెప్పుకున్న ఆవిడకు పారాసిటమాల్ ఇచ్చి, మూడు నెలలకు మళ్లీ రక్తం ఇవ్వమని తేదీ రాసిచ్చారనుకుందాం. వచ్చింది జనవరిలో అయితే తేదీ ఏప్రిల్‌లో పడుతుంది. అప్పటికి జీడిమామిడి తోటల్లో పిక్కలు ఏరే కాలం, పని దండిగా ఉండే కాలం, ఎండలు ముదిరే కాలం. ఆ రోజు పరీక్షకొస్తే కూలి పోతుంది. పనికెళ్లి ఎండలో తడారిపోయి సాయంత్రం వస్తే అంకె తప్పుగా పెరుగుతుంది, అసలు రక్తం తీసే వేళా దాటిపోతుంది. నర్సు తేదీ కొట్టేసి, పక్కన "ఆదివారం పొద్దున్నే, పనికి ముందు, మా ఇంటి దగ్గరికి రండి" అని రాసింది. అది ఆమె డ్యూటీ టైము కాదు.